ఐదు సీసాల్లో దర్భపోచలు

హేమశ్రీ అరవలేదు. అరిచి ఉంటే చౌడేశ్వరమ్మకు కాస్త నిబ్బరంగా ఉండేది.

పొద్దున యూనివర్సిటీ హాస్టలు నుంచి వచ్చిన కోడలు చెప్పులు విప్పి, నేరుగా ఊరగాయల గదిలోకి వెళ్లింది. వెళ్లినది వెళ్లినట్టే ఉండిపోయింది. పోసి పెట్టిన కాఫీ మీద మీగడ తొరక కట్టింది.

చౌడేశ్వరమ్మ గడప దగ్గర నిలబడి తొంగి చూసింది. కోడలు చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఐదు సీసాలు, వాటి మెడలకు ఐదు రంగుల నూలు. సీసాల ముందు ఒక తెల్ల కాగితం, దాని మీద ఐదు దర్భపోచలు. ఏ సీసాలోంచి తీసింది ఆ సీసా ఎదురుగానే పెట్టి ఉంది. పోచలింకా తడిగానే ఉన్నాయి.

“ఎవరు వేసినారత్తా?”

“నేనే అమ్మణ్ణీ. నిన్న గ్రహణం కదా. నీళ్ల బిందెలో వేసినా, పెరుగులో వేసినా, ఆవకాయలో వేసినా. వీటిని ఒక్కటే ఎట్లా వదిలేది? నీ ప్రాణమంతా వీటి మీదనే ఉండాది కదా.”

హేమశ్రీ తల ఊపింది. ఆ ఊపులో అవునని లేదు, కాదని లేదు. ఆమె మళ్లీ సీసాల వైపు తిరిగింది.

చౌడేశ్వరమ్మకు ఏం చేయాలో తోచలేదు. తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. ఎంత తప్పో తెలియలేదు. తులసి కోటకు నీళ్లు పోసి తిట్లు తిన్నట్టు, ఎటూ పాలుపోక కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“నీకు ఎన్నిసార్లు సెప్పినాను మా, ఆ గది తట్టు పోవద్దని?”

వెనక నుంచి కొడుకు మురుగేష్ గొంతు. రేణిగుంట ఫ్యాక్టరీలో వాడిది ఈ వారం రాత్రి షిఫ్టు. పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడు.

“గ్రహణం రా.”

“గ్రహణమొస్తే సీసాలకేమి? అవేమన్నా కడుపుతో ఉండాయా?”

మురుగేష్ తండ్రి గోవిందయ్య హాల్లో పేపరు చదువుతూ, తలెత్తకుండానే అందుకున్నాడు. “కాళహస్తిలో దేవుడే తలుపు మూసుకోలేదంట గ్రహణానికి. మన ఇంట్లో గంజి సీసాలకు కావాల్సొచ్చిందా దర్భ?”

“మీరు గమ్మునుండండి,” అంది చౌడేశ్వరమ్మ. “కొండ మీద గుడి మూసినారు కదా. అది సెప్పరేం?”

“ఇద్దరు దేవుళ్లు రెండు మాటలు చెప్తే నేనేం చేసేది,” అని ఆయన పేజీ తిప్పాడు.

మామూలు రోజైతే కోడలు లోపలి నుంచి నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

గోవిందయ్య వాటిని గంజి సీసాలు అనడంలో తప్పేమీ లేదు. చూసేవాళ్లకు అవి గంజి తేటలాగే ఉంటాయి. ఆ తేటలో కంటికి ఆనని జీవాలున్నాయని, ఒక్కొక్కటి ఒకే ఒక్క కణమని, ఒళ్లంతా సన్నటి నూగుతో నీళ్లలో ఈదుతుంటాయని హేమశ్రీ చెబితేనే ఇంట్లో అందరికీ తెలిసింది. తల్లిదండ్రుల గుణం పిల్లలకు ఎట్లా దిగుతుందో కనుక్కోవడానికి పెద్ద పెద్ద చదువుల వాళ్లు ఈ నూగుజీవాలనే పెంచుతారట. హేమశ్రీ వాటిని తన పుట్టింటి ఊరు కార్వేటినగరం దగ్గర ఒక పాత మోటబావిలో పట్టింది. పరిశోధన మొత్తం వాటి మీదే నడిపింది.

యూనివర్సిటీలో చల్లగది చెడిపోయి అక్కడి సీసాలన్నీ ఉడికిపోయాక మిగిలినవి ఈ ఐదే. ఇంటికి తెచ్చి, ఇల్లంతటికీ చల్లగా ఉండే ఊరగాయల గదిలో పెట్టుకుంది. సిరా పేర్లు తడికి చెరిగిపోతుంటే, సీసా మెడలకు రంగు నూలు కట్టి ఇచ్చింది చౌడేశ్వరమ్మే. నగరి నుంచి మగ్గాలు అమ్ముకుని వచ్చేసినా నూలు ఉండలు ఇంకా ఆమె పెట్టెలో ఉన్నాయి.

రేపు సాయంత్రం రేణిగుంటలో హైదరాబాదు బండి. అక్కడి పరిశోధనశాల వాళ్లు, ఐదు రకాలూ ప్రాణంతో తెస్తేనే ఉద్యోగం అన్నారు. హేమశ్రీ వెళతానంది. మురుగేష్ వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ రెండు మాటల నడుమ ఇల్లు వారం రోజులుగా ఊపిరి బిగబట్టుకుని ఉంది.

పదిగంటల వేళ అక్కమ్మ వచ్చింది. గోవిందయ్యకు అక్క, పక్క వీధిలోనే కాపురం. గ్రహణం విడుపు స్నానం తర్వాత మిగిలిన దర్భ అడిగి తీసుకుపోవడానికి వచ్చి, విషయం విని కుర్చీ లాక్కుంది.

“పురుగుల కోసరం ఇంత రాద్ధాంతమా? ఆ బావికి పోయి ఇంకో చెంబుడు తెచ్చుకుంటే పోతాదే.”

“బావి పూడ్చేసినారంట వదినా.”

“అట్లనా.” అక్కమ్మ కాసేపు చౌడేశ్వరమ్మ ముఖంలోకి చూసింది. గొంతు తగ్గించింది. “ఏమ్మే, నిజం సెప్పు. కోడలు ఊరు దాటకూడదని వేసినావా దర్భ?”

“ఏం మాటలు వదినా అవి?”

“నేను తప్పు పట్టలేదు. నేనైతే ఉప్పే వేసుందును.”

అక్కమ్మ నవ్వుకుంటూ దర్భ తీసుకుని వెళ్లిపోయింది. ఆమె మాట మాత్రం వెళ్లలేదు.

చౌడేశ్వరమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి, ఎందుకు వెళ్లిందో మరచి వెనక్కి వచ్చింది. మనసు తనతో చెప్పకుండా చేతితో పని చేయించుకుంటుందా? నిన్న దర్భ వేసేటప్పుడు తన లోపల ఏముంది? పాపం పురుగులకు కీడు తగలకూడదు అని ఉంది. అదేనా ఉండింది, ఇంకేమైనా ఉండిందా? తవ్వేకొద్దీ ఏమీ కనిపించడం లేదు. కనిపించకపోవడమే భయంగా ఉంది.

విడిపోవడమంటే ఆమెకు మొదటి నుంచీ భయం. నగరి వదిలి వచ్చిన రోజున లారీ కదిలినా పక్కింటామె చేయి వదలలేక ఆమెను నాలుగడుగులు వెంట పరుగెత్తించింది. ఆ తర్వాత ఎవరినీ సాగనంపడానికి స్టేషనుకు వెళ్లలేదు. బండి ఎక్కేవాళ్లకు గుమ్మం దగ్గరే కుంకుమ పెట్టి, వాళ్లు సందు మలుపు తిరిగే లోపలే ఇంట్లోకి వచ్చేసేది. హేమశ్రీ వెళుతుందని తెలిసినప్పటి నుంచి అన్నం సగంలోనే లేస్తోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదు, గోవిందయ్య తప్ప. ఆయన గమనించినా అడగలేదు.

“అత్తా, ఒకసారి ఇట్లా రండి.”

చౌడేశ్వరమ్మ గదిలోకి వెళ్లి చాప అంచున కూర్చుంది. హేమశ్రీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం పాఠం చెప్పేటప్పటిలాగా ఉంది.

“నేను మిమ్మల్ని తిట్టడానికి పిలవలేదు. నాకు ఒకటి తెలియాల. వీటిలో ఆడా మగా అని ఉండదు. ఐదు రకాలు ఉండాయి. ఏదీ తన రకంతో జత కట్టదు. ఇంకో రకం ఎదురైతేనే కడతాది.”

“గోత్రాల మాదిరి.”

“గోత్రాల మాదిరే.”

“పుట్టినవాటికి ఎవరి గోత్రం వస్తాది మరి?”

“ఎవరిదైనా రావచ్చు. ఇద్దరిదీ కాకుండా మూడోది కూడా రావచ్చు.”

చౌడేశ్వరమ్మ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఎగతాళి కాదు. “తల్లిదీ కాదు, తండ్రిదీ కాదా? అట్లా యాడన్నా ఉంటాదా అమ్మణ్ణీ?”

“అట్లా ఎందుకు జరగతాదో కనుక్కునేదే నా పని. దానికి ఏ సీసాలోది ఆ సీసాలోనే ఉండాల. కలిస్తే నాకేమీ మిగలదు. కడుపు నిండా తిండి ఉన్నన్ని దినాలు అవి జత జోలికి పోవు. ఆకలైతేనే. ఈ సీసాల్లో తిండి అయిపోవచ్చింది.”

“మన కాడ ఆకలైతే కాపురాలు విడిపోతాయి. వీటిది తలకిందులుగా ఉండాదే.”

హేమశ్రీ పెదవి కొంచెం కదిలింది. నవ్వు దాకా రాలేదు. లేచి వంటింట్లోంచి ఐదు స్టీలు గ్లాసులు నీళ్లతో తెచ్చి వరసగా పెట్టింది. అక్కమ్మ తీసుకుపోగా మిగిలిన దర్భ కట్ట చేతికిచ్చింది.

“నిన్న ఎట్లా చేసినారో అట్లే చేసి చూపించండి. ఆలోచించొద్దు. చెయ్యి ఎట్లా పోతే అట్లా పోనీయండి.”

ఆలోచించవద్దంటే చౌడేశ్వరమ్మ కట్టను ఒకసారి ఇటూ అటూ తిప్పింది. కట్టలోంచి ఒక పోచ లాగింది. గోటితో తుంచి మొదటి గ్లాసులో వేసింది. వేసిన చేతిని కొంగుకు తుడుచుకుంది. ఇంకో పోచ లాగింది. తుంచింది, వేసింది, తుడుచుకుంది. మూడో గ్లాసుకు వచ్చేసరికి చెయ్యి దానంతట అదే కదులుతోంది. నూలు పోగు తెగితే చూడకుండానే ముడి వేసే చెయ్యి అది. ఐదో గ్లాసు కూడా అయిపోయాక మిగిలిన కట్టను పక్కన పెట్టి కోడలి వైపు చూసింది.

“ఒకదాంట్లో ముంచింది ఇంకోదాంట్లో పెట్టలేదా?”

“ఎట్లా పెడతాను? ఎంగిలి కదా. ఆవకాయ గరిటె నిమ్మకాయ జాడీలో పెడితే రెండూ బూజు పట్టవా?”

హేమశ్రీ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఊపిరి వదిలింది. తల ఎత్తినప్పుడు ఆ ముఖం వేరుగా ఉంది. “అయితే ఏమీ కలవలేదు. దర్భతో పాటు బ్యాక్టీరియా వచ్చి ఉంటాది, అంతే. మందు వేస్తే పోతాది. నేనే అనవసరంగా...” అని ఆగి, అత్త మోకాలి మీద చెయ్యి వేసింది. “కాఫీ ఉందా అత్తా?”

కాఫీ వెచ్చబెట్టడానికి లేచిన చౌడేశ్వరమ్మకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. దాని వెనకే, అయితే రేపు వెళ్లిపోతుంది అనే మాట వచ్చింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఏది ఏదో తెలియకుండా పోయాయి. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

ఆమె గ్లాసుతో తిరిగి వచ్చేసరికి హేమశ్రీ కిటికీ దగ్గర పీట మీద మైక్రోస్కోపు పెట్టుకుని సీసా తర్వాత సీసా చూస్తోంది. పసుపు నూలుది బాగుంది. నీలంది బాగుంది. తెల్లది, పచ్చది బాగున్నాయి.

“మీరూ చూడండత్తా. కన్ను ఇక్కడ పెట్టండి.”

మొదట చౌడేశ్వరమ్మకు తన కనురెప్పే కనిపించింది. తర్వాత వెలుతురు. ఆ వెలుతురులో నానిన బియ్యపు గింజల్లాంటివి, చక్రంలాగా తిరుగుతూ, ఒకదానికొకటి తగలకుండా తప్పుకుంటూ పరుగులు. అంత తొందరగా యాడికి పోతున్నాయో అవి. ఒక్కొక్కదాని లోపల రెండు గింజలుంటాయని కోడలు ఇంతకుముందు చెప్పింది. పెద్దది రోజూ పని చేసేది, చిన్నది విత్తనం దాచేది. మగ్గం మీద నేత నడిపే చిల్లుల అట్టలు, పెట్టెలో అసలు డిజైను అని తను అర్థం చేసుకుంది. జత కట్టినప్పుడు పాత అట్టలు పారేసి డిజైను నుంచి కొత్తవి కొట్టుకుంటాయట.

చివరగా హేమశ్రీ ఎర్రనూలు సీసాలోంచి ఒక చుక్క తీసింది. ఐదింటిలో అరుదైనది అదే. మోటబావిలో అది ఒక్కసారే చిక్కింది.

ఆమె కన్ను ఆనించి చూసింది. తీసి అద్దం తుడిచింది. మళ్లీ చూసింది.

“ఏమైంది అమ్మణ్ణీ?”

“జతలుండాయి.”

చౌడేశ్వరమ్మ వంగి చూసింది. జీవాలు కొన్ని రెండేసి అతుక్కుని ఉన్నాయి. అతుక్కున్నవి కూడా ఒక్కటే అన్నట్టు ఒకే దిక్కుకు పరుగెడుతున్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆ మాట పైకి అనలేదు.

హేమశ్రీ ఎర్ర సీసాను, పచ్చ సీసాను పక్కపక్కన ఎత్తి పట్టుకుంది. ఎర్రదానిలో నీళ్లు నూలు కట్టిన మెడ దాకా వచ్చాయి. పచ్చదానిలో సగానికి తగ్గాయి.

“పోచతో ఇంత పెరగదు, ఇంత తగ్గదు.” గొంతు ఇప్పుడు పాఠంలాగా లేదు. “ఎవరో పచ్చదాంట్లోది ఎర్రదాంట్లోకి వంచినారు. నేను లేనప్పుడు ఈ గదిలోకి ఎవరు వచ్చినారత్తా?”

చౌడేశ్వరమ్మ సీసాల వైపు చూసింది.

నిన్న మధ్యాహ్నం మురుగేష్ ఊరగాయ కోసమని ఈ గదిలోకి వచ్చాడు. చేతులు లుంగీకి తుడుచుకుంటూ బయటికి వెళ్లాడు. కంచంలో ఊరగాయ వేసుకున్నట్టు గుర్తు లేదు. ఇవాళ తెల్లవారి షిఫ్టు నుంచి వచ్చాక కూడా ఈ తలుపు చప్పుడైంది. టార్చిలైటు కోసమన్నాడు. వాడి చెయ్యి తగిలి సీసా వొలికిందేమో. వొలికితే భయపడి పక్కదాంతో నింపాడేమో, నీళ్లే కదా అని. లేక కావాలనే వంచాడా? తను కన్న కొడుకు. ఏ పని ఎందుకు చేస్తాడో తెలియదా తనకు? తెలియడం లేదు. నిన్న సాయంత్రం దర్భ వేసేటప్పుడు ఎర్ర సీసా నిండుగా ఉందా, లేదా? ఎంత తలచుకున్నా కళ్ల ముందుకు నూలు రంగులే వస్తున్నాయి, నీళ్లు రావడం లేదు.

గడపలో నీడ పడింది. మురుగేష్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో.

వాడి పేరు చెబితే, ఆ ఒక్క మాటతో ఈ ఇద్దరూ విడిపోతారు. అది తప్ప చౌడేశ్వరమ్మకు ఇంకేమీ స్పష్టంగా కనిపించలేదు.

“నేనే,” అంది. “నేనే వంచినా.”

హేమశ్రీ సీసాలు కింద పెట్టింది. “ఎందుకు?”

“తగ్గినట్టుంటే... నింపినా.”

“చెప్పింది కదా,” అన్నాడు మురుగేష్ తలుపు దగ్గర నుంచి. “పెద్దామె, తెలీక చేసింది. ఇంక వదిలెయ్.”

చౌడేశ్వరమ్మ కొడుకు వైపు చూసింది. వాడి కోసమే చెప్పిన మాట అది. వాడు దాన్ని అంత తేలిగ్గా అందుకుంటాడని అనుకోలేదు. అందించిన చేతికే దెబ్బ తగిలినట్టుంది.

“సరే, అత్తే వంచినారు,” అంది హేమశ్రీ నెమ్మదిగా. “ఎప్పుడు వంచినారత్తా?”

“ఎప్పుడైతే ఏమి?” మురుగేష్ విసుక్కున్నాడు.

“అంతా దాని మీదే ఉండాది. ఇవాళ తెల్లవారి వంచి ఉంటే ఇంకా మించిపోలేదు. ఇప్పుడు తిండి పెట్టి కుదిపితే జతలు విడిపోతాయి. ఏదీ మారదు, పాతవి పాతట్లే ఉంటాయి. ప్రతి జతలో ఒకటి ఎర్రదే కాబట్టి వేరు చేసుకుంటాను. నిన్న వంచి ఉంటే లోపలి పాత పెద్ద గింజ కరిగిపోయింటాది. ఆ తర్వాత విడిపోయినా అవి అవి కావు. వాటిని ఎర్రవని చెప్పి హైదరాబాదుకు నేను తీసుకుపోను.” ఆమె అత్త చేతిని పట్టుకుంది. కోడలి వేళ్లు చల్లగా ఉన్నాయి. “పొద్దున్నా, నిన్ననా? ఆ ఒక్కటి చెప్పండి చాలు.”

పొద్దున అంటే కోడలు రేపు బండెక్కుతుంది. నిన్న అంటే ఎక్కదు. ఎంత సులువుగా ఉంది ఆ మాట. నాలుక చివర పట్టేంత మాట. కానీ నిజం ఏదో తనకు తెలియదు. అబద్ధంలో కూడా ఒక నిజం కావాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు.

“సెప్పు మా,” అన్నాడు మురుగేష్. కళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి.

హాల్లో గోవిందయ్య పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

చౌడేశ్వరమ్మ కొడుకును చూసింది, కోడల్ని చూసింది. ఎవరి వైపు చూసినా రెండోవాళ్లు దూరమవుతున్నట్టే ఉంది.

“నాకు తెలీదు అమ్మణ్ణీ,” అంది.

చెప్పిన తర్వాత గానీ, వంచింది తను కాదని చెప్పేసినట్టయిందని ఆమెకు తెలియలేదు.

హేమశ్రీ చెయ్యి వదల్లేదు. ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, ఆ తర్వాత మెల్లగా తీసి అత్త ఒళ్లో పెట్టింది. లేచింది. ఎర్ర సీసాను ఒక చేత్తో, తిండి ద్రవం ఉన్న బుడ్డిని ఇంకో చేత్తో పట్టుకుంది. అత్త ఎదుట మొగుణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలవని పిల్ల గడప వైపు తిరిగింది.

“మురుగేష్, నువ్వు చెప్పు. ఎప్పుడు?”